ఊడ్చిన ఇసుక

గ్రామ సచివాలయం గోడకు అంటించిన పటం ముందు బుల్లమ్మ నిలబడిపోయింది. భావనపాడు పక్కనున్న తమ పేట అందులో ఆకాశం నుంచి చూసినట్టుగా ఉంది. ఇళ్ళకూ సముద్రానికీ మధ్య ఇసుకంతా పసుపు రంగు పూసి ఉంది.

"ఈ పసుపేటి యమునా?"

"టూరిజానికి అత్తా. గుడారాలు ఏస్తారట. జనం ఫోన్లోనే బుక్ చేసుకుని వస్తారట. డ్రోన్ ఫోటోలో ఖాళీగా కనబడిన జాగాలకి ఆ రంగేసినారు," అంది అక్కడ పనిచేసే యమున.

"ఖాళీ ఏటే? మేం పన్నెండు మందిమీ సేపలు ఎండేసేది అక్కడే కదా!"

"ఫోటోలో ఒక్క సేపా లేదత్తా. నోటిమాట ఎక్కదు, ఫోటోలో ఉంటేనే కంప్యూటర్లో ఎక్కుతాది. శుక్రవారం పొద్దున్న పదింటికి మళ్ళీ ఎగరేస్తారు. అదే ఆఖరు."

చేపలు ఎందుకు లేవో బుల్లమ్మకు తెలుసు. రెండు నెలల కిందట డ్రోన్ వస్తుందని చెప్పిన రోజు, పెద్ద ఆఫీసర్ల ముందు కంపు కొడితే పేట పరువు పోతుందని ఆడవాళ్ళందరినీ లేపింది తనే. ఆరుతున్న నెత్తళ్ళ చేపలను గంపలకెత్తించి, గంగమ్మ పండగకు చేసినట్టు ఇసుకంతా ఊడ్పించింది. మొగుడు వేటకు పోయి తిరిగి రాని నాటి నుంచి ఇరవై రెండేళ్ళుగా తనకు కూడు పెట్టిన ఇసుక అది.

కుళాయి దగ్గర ఆడవాళ్ళకు పటం సంగతి చెప్పి, శుక్రవారం ఇసుక నిండా చేపలు పరవాలంది.

"బాగా ఊడ్పించినావే బుల్లీ! ఇసకతో పాటు మమ్మల్నీ ఊడ్సీసినావు," అంది అందరికన్నా పెద్దదైన లక్ష్మణమ్మ. ఎవరూ నవ్వలేదు.

"ఇప్పుడు వేట బందు. పరవడానికి సేపలెక్కడివి?" అంది అసిరమ్మ.

"ఇళ్ళల్లో దాసినవి ఉన్నాయి కదే. అవే తెద్దాం," అంది బుల్లమ్మ.

సర్కారు వేట ఆపించి పడవలు కదలని రోజుల్లో అమ్ముకు తినడానికి దాచిన ఎండు చేపలవి. అవి తడిస్తే నిషేధం ఎత్తేదాకా పొయ్యి వెలగదు. అయినా శుక్రవారం ఎండెక్కేసరికి పన్నెండు ఇళ్ళ గంపలూ ఇసుక మీదికి వచ్చాయి. బుల్లమ్మ తన చేపలు అందరికన్నా ముందు పరిచింది. తొందరలో తలలూ తోకలూ వరస కుదరలేదు.

తొమ్మిదిన్నరకు సముద్రం మీద మబ్బు లేచింది. పది దాటినా డ్రోన్ జాడ లేదు. బుల్లమ్మ యమునకు ఫోన్ చేసింది.

"డ్రోనోళ్ళు బయల్దేరినారత్తా. నౌపడ రైలు గేటు దగ్గర ఆగిపోయినారట. గూడ్సు వస్తన్నాదట."

గాలి చల్లబడింది. లక్ష్మణమ్మ టార్పాలిన్ పరదా చుట్ట చంకన పెట్టుకుని పరుగున వచ్చింది.

"ఒసే, కప్పీమంటావా?"

కప్పితే పైనుంచి చేపలు కనబడవు. కప్పకపోతే వాన చేపల్ని కుళ్ళబెడుతుంది. పదకొండు మందీ ఆమె మొహంలోకే చూస్తున్నారు. మీ ఇష్టం అందామనుకుంది బుల్లమ్మ. కానీ ఆ రోజు ఊడ్పించింది తనే.

మోచేతి మీద చినుకు పడింది.

"సెప్పవేటే?" అంది లక్ష్మణమ్మ.

"కప్పొద్దు. రవ్వంత సేపు ఆగండి," అంది.

"ఎంతసేపే?"

ఆమెకు తెలియదు. తల ఎత్తి, అలల హోరులోంచి డ్రోన్ మోత కోసం చెవులు రిక్కించింది. మరో చినుకు చేపల మీద పడి, తెల్లటి ఉప్పును కరిగించి నల్ల మచ్చ చేసింది.