చదరంలో లేని పిల్ల

"తుకా వాళ్ళమ్మా, ఎవడో సంచీవాడొచ్చాడు. మీరు మురబ్బాలో ఉంటారా అనడిగాడు. మురబ్బాలో ఉండటానికి మనుషులేమైనా ఈగలా? అలాంటివాళ్ళెవరూ లేరు, ఫో అన్నా" అన్నాడు వాచ్‌మన్ బషంది, వాకిట్లో బల్లమీద కాళ్ళు బారజాపుకుని.

సనియ్యా చేతిలోని రొట్టెలు మెట్లమీద దొర్లాయి.

"బాబాయ్! అది తినే మురబ్బా కాదు! బడివాళ్ళు పేటమీద గీసిన చదరం! వాడు బడి తనిఖీకొచ్చినవాడు! చదరాన్నీ మురబ్బా అనే అంటారు, కాకపోతే చివర గొంతు నొక్కి పలుకుతారు!"

"వాడు నొక్కలేదమ్మా."

"నువ్వు నొక్కావుగా, నా గొంతు!"

షుబ్రా పేటలో ఆ సర్కారు బడికి పేరుంది. దాని చదరంలో కాపురమున్నవాళ్ళ పిల్లలకే అందులో చోటు. హద్దు పెద్దరోడ్డు. రోడ్డవతల మూడు గదుల ఇల్లుండేది సనియ్యాకి. కూతురు తుకా చదువుకోసం మొగుడితో పోట్లాడి, ఆ ఇల్లు వదిలి, ఈ మేడమీద పావురాల గూళ్ళ పక్కన ఒంటిగదిలోకి దిగింది. గది కాదది, గతి. ఎదురు మేడవాళ్ళు చుట్టాల పిల్లల్ని తమ ఇంట్లోనే ఉంటారని చెప్పించారు. తమ వాచ్‌మన్‌కి ముందే పాఠం నేర్పారు. సనియ్యా నేర్పలేదు. నిజంగా ఉంటున్నవాళ్ళకి పాఠమెందుకు అనుకుంది. చివరికి అక్కడ లేని పిల్లలు ఉన్నట్టు తేలారు, ఇక్కడ ఉన్న తుకా లేనట్టు తేలింది. చేర్పులకు ఆ రోజే ఆఖరు. వ్యవహారం పాకాన పడింది.

బషందిని చొక్కా పట్టుకుని బడికి ఈడ్చుకెళ్ళింది. గుమాస్తా ఇన్షిరాహ్ మేడమ్ కిటికీ దగ్గర తల్లులు తోసుకుంటున్నారు.

"దేవుడి తోడు, వీళ్ళు మా మేడమీదే ఉంటారు!" అన్నాడు బషంది.

"పొద్దున దేవుడి తోడనే లేరన్నావట. ఏ ఒట్టు రాసుకోను?"

అందరూ నవ్వారు. సనియ్యాకి ఏడుపొచ్చింది. "మేడమ్, మీ కాళ్ళు పట్టుకుంటా. పిల్ల తెల్లారకుండానే జడలేయించుకు కూర్చుంది. వచ్చి మా దుప్పట్లు వాసన చూడండి, పావురాల కంపు కొడతాయి! ఆ కంపు అబద్ధమాడుతుందా?"

"తనిఖీ అయిపోయిందమ్మా. తర్వాతెవరు?"

సనియ్యా కిటికీ ఊచలు వదల్లేదు. వెనకనుంచి తోసినా వదల్లేదు.

అప్పుడు బషంది అరుగెక్కాడు.

"అమ్మల్లారా, వినండి! వాడన్నది చదరం మురబ్బా, నాకు తినే మురబ్బా అని వినబడింది. తప్పే. కానీ సరిగ్గా వినబడ్డా లేరనే చెప్పేవాణ్ణి! సంచీ తగిలించుకుని పేర్లడిగేవాడు మంచికొస్తాడా? అయితే అప్పులవాడు, కాకుంటే కోర్టువాడు. గిట్టనివాళ్ళయితే ఏ అంతస్తో కూడా చెప్తా. వీళ్ళు నావాళ్ళు. అందుకే లేరన్నా!"

నవ్వులు ఆగిపోయాయి. కిటికీ దభాలున మూసుకుంది. సనియ్యా ఊచలమీదే తల ఆన్చి కూలబడింది.

పక్క తలుపు తెరుచుకుంది. ఇన్షిరాహ్ మేడమ్ సంచీ భుజాన తగిలించుకుని బయటికొచ్చింది.

"పద. ఆ దుప్పట్లేవో చూస్తా."

బషంది ఆ సంచీ వంక అనుమానంగా చూశాడు.

"బాబాయ్," అంది సనియ్యా కళ్ళు తుడుచుకుంటూ, "నోరుమూసుకుని నడు."