పేరు అడగని మీటింగు

ఆదివారం మధ్యాహ్నం భీమ్లా దమ్మపేటలో బస్సు దిగేసరికే, పొద్దుటి నుంచి చుక్క పడక, నోరు ఎండిపోయింది, చేతులు చెప్పిన మాట వినడం లేదు. బస్టాండుకు ఎదురుగానే బ్రాందీ షాపు. ఆ ఊళ్ళో ఇంకేది కావాలన్నా నలుగురిని అడగాలి గానీ, ఆ షాపు మాత్రం అడగకుండానే కనపడుతుంది. దానికి వీపు పెట్టి నిలబడ్డాడు.

నాలుగు రోజుల కింద తాగి మోపెడ్ నడిపి, ముందు నిలబెట్టుకున్న కూతురు శ్రావణిని కల్వర్టు మీద పడేశాడు. పసిదాని చెయ్యి విరిగింది. తండా పెద్దలు పంచాయితీ పెట్టి తప్పు కింద జరిమానా కట్టించారు. ఆ తప్పు సొమ్ముతోనే, ఆనవాయితీ ప్రకారం, ఇప్పసారా తెప్పించుకుని అంతా కలిసి తాగారు. ఇంత న్యాయం ఇంకెక్కడా దొరకదు! తప్పు చేసినవాడికీ పెద్దమనిషి హీరాలాల్ స్వయంగా గ్లాసు నింపి ఇచ్చాడు. వద్దంటే పంచాయితీని కాదన్నట్టు. అసలు వద్దనాలని భీమ్లాకు తోచనే లేదు.

అది చూసి భార్య చాంది ఏడవలేదు, తిట్టలేదు. ఇంట్లోకి పోయి పిల్ల బట్టలు మూట కట్టింది.

భీమ్లా కాళ్ళ మీద పడ్డాడు. చివరికి ఒక్క అవకాశం ఇచ్చింది. పిల్ల చేతికి కట్టు కట్టినప్పుడు దవాఖానాలో నర్సు హేమలత ఏదో మీటింగు సంగతి చెప్పింది కదా, ఆదివారం అక్కడికి పోవాలి, తాగకుండా ఇంటికి రావాలి. లేకపోతే ఆ రోజు పొద్దుగూకేసరికి ఆమె అన్న వచ్చి తల్లీకూతుళ్ళను తీసుకుపోతాడు. మూట మాత్రం విప్పలేదు, గుమ్మం పక్కనే పెట్టింది.

నర్సు చెప్పింది ఇంతే: "దమ్మపేటల ఆదివారం మీటింగ్ అయితది. మందు మానినోళ్ళు, మానాలనుకునేటోళ్ళు ఓ రూముల కూసుంటరు. పేరు గూడ అడగరు. బస్టాండు కాడ ఎవర్నడిగినా చెప్తరు."

పాపం, ఆమె ఖమ్మం టౌనులో పెరిగిన మనిషి. ఈ అడవి అంచున మీటింగంటే అడవిలో తుపాకులు పట్టిన అన్నలు పెట్టేదేనని, దాని గురించి ఆరా తీసేది పోలీసులేనని ఆమెకు ఎవరు చెప్పాలి?

భీమ్లా చాయ్ కొట్టు దగ్గరికి పోయాడు. "అన్నా, మీటింగ్ ఏడైతది?"

చాయ్ పోస్తున్న వెంకటప్పయ్య చెయ్యి ఆగిపోయింది. "ఏం మీటింగ్?"

భీమ్లాకు సిగ్గేసి గొంతు తగ్గించాడు. "గదే... ఓ రూముల కూసుంటరంట. పేర్లు చెప్పుకోరంట."

గొంతు తగ్గించడంతో పని పూర్తిగా చెడింది. బెంచీ మీద ఉన్న ఇద్దరూ సగం చాయ్ వదిలేసి లేచారు.

"నువ్వు అన్నల మనిషివో, పోలీసోళ్ళ మనిషివో నాకు తెల్వదు. చాయ్ అమ్ముకొని బతికేటోణ్ణి. జల్దీ పో అయ్యా," అన్నాడు వెంకటప్పయ్య.

కిరాణా కొట్టతను వినపడనట్టు లోపలికి పోయాడు. మందుల షాపువాడు షట్టరు సగం దించాడు. ఎండ వాలుతోంది. అడిగినకొద్దీ జనం దూరం జరుగుతున్నారు. బజారంతా కలిసి తనను ఒకే చోటికి తోస్తున్నట్టు అనిపించి భీమ్లాకు ఏడుపొచ్చింది.

ఆ బజారులో అతన్ని చూసి భయపడనిది బ్రాందీ షాపు మనిషొక్కడే. "ఏం గావాలె తమ్మీ?" అన్నాడు ఎంతో ఆప్యాయంగా. భీమ్లా నోటు తీశాడు. క్వార్టరు సీసా కౌంటరు మీదికొచ్చింది. చెయ్యి దాని మీద పడింది కూడా. గుమ్మం పక్కన మూట గుర్తుకొచ్చింది.

అంతే, గిర్రున తిరిగి బజారు దద్దరిల్లేలా అరిచాడు.

"తాగుబోతుల మీటింగ్ ఏడైతదో చెప్పుండ్రి! నేను తాగుబోతును! నా బిడ్డ చెయ్యి నేనే ఇరగ్గొట్టిన! ఎవరన్న చెప్పుండ్రయ్యా!"

బజారు ఒక్క క్షణం బిత్తరపోయింది. తర్వాత పగలబడి నవ్వింది. అందరికన్నా ఎక్కువ నవ్వింది వెంకటప్పయ్యే. "ఓరి నీ! గా మీటింగా!" అంటూ కళ్ళు తుడుచుకున్నాడు. ఇందాకటి భయమంతా అలా తీర్చుకున్నారు.

పంక్చరు షాపు సలీం నవ్వలేదు. చేతుల మసి లుంగీకి తుడుచుకుంటూ వచ్చి, సీసాను కౌంటరు లోపలికి నెట్టి, భీమ్లా భుజం పట్టుకున్నాడు.

"రా భాయ్. గా మీటింగ్ నా షాపెనకనే అయితది. ఇందాకటిసంది నువ్వు అడుగుతుంటే వింటనే ఉన్న. పోలీసోడివేమోనని నాకూ భయమైంది. మాఫ్ చెయ్."

పంక్చరు షాపు వెనక గది. పాత టైర్ల మధ్య చాప, దాని మీద నలుగురు మనుషులు. ఎవరూ పేరు అడగలేదు. ఎవరూ నవ్వలేదు. సలీం చాయ్ తెచ్చాడు, భీమ్లా చేతులు నిలవకపోతే గ్లాసు తనే పట్టుకుని తాగించాడు.

"బయట చెప్పినవ్ గదా. గదే ఈడ చెప్పు," అన్నాడు.

బజారంతా వినేలా అరిచినవాడు ఇక్కడ ఖాళీ గ్లాసును చాప మీద అటూ ఇటూ జరిపాడు. వాళ్ళు ఊరికే ఎదురుచూశారు.

"నా పేరు భీమ్లా," అన్నాడు చివరికి. అడగకపోయినా ముందు పేరే చెప్పాడు. "నా బిడ్డ పేరు శ్రావణి..." అంటూ వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఏడుపు తగ్గాక కిటికీలోంచి వాలిన పొద్దు చూశాడు. ఇంటికి పోయే బస్సుకు వేళైంది. లేచాడు గానీ గడప దాటలేకపోయాడు.

"ఎవరన్న తోడు రాండ్రి. బస్సెక్కాలంటే గా బ్రాందీ షాపు ముందట్నుంచే పోవాలె," అన్నాడు.

సలీం దుకాణాన్ని ఆ నలుగురికీ అప్పగించి, చెప్పులు తొడుక్కున్నాడు.