కంఠతా రాని చదువు

స్వరూప చేసిన తప్పల్లా ఒకటే. క్రిస్మస్ ఆరాధనలో మైకు పట్టుకుని సాక్ష్యం చెప్పింది. "బళ్లె టీచర్లు నేర్పలేంది దేవుడు నా చేత నేర్పిచ్చిండు. మా మున్నీ బైబిలు వాక్యం సదువుతది" అని గౌలిపుర చర్చి సంఘమంతా వినేటట్టు చెప్పి, కూతుర్ని ముందుకు పిలిచి కీర్తన చదివించింది. ఎనిమిదేళ్ల మున్నీ అక్షరాల కింద వేలు పెట్టి, ఎక్కడా ఆగకుండా గడగడా చదివేసింది. అబ్బో, ఆ చప్పట్లేం చప్పట్లు! ముసలమ్మలు కొంగుతో కళ్లొత్తుకున్నారు. బస్సు డిపోలో మెకానిక్‌గా పనిచేసే కృపాకర్ పెళ్లాం వైపు గర్వంగా చూశాడు.

చూడడా మరి? ఏడాదిగా ఆ ఇంట్లో జరిగిన లొల్లి అంతా ఇంతా కాదు. రెండో తరగతి అయిపోయినా మున్నీకి అక్షరం ముక్క రాలేదు. పొద్దున్నే బడి అనగానే పిల్లకు కడుపునొప్పి. జూన్‌లో స్వరూప బడి మాన్పించేసి, "ఇంట్లనే నేను జెప్పుకుంట" అంది. ఇంటర్ చదివిన కోడలు పంతులమ్మనవుతానంటే అత్త చంద్రమ్మ ఊరుకుంటుందా? వాడకట్టంతా వినేలా అరిచింది. ఆఖరికి కృపాకరే తేల్చాడు.

"ఈస్టర్ దాంక సూద్దాం. అప్పటికి సదువు రాకుంటే బోర్డింగు బళ్లె ఏస్త. గప్పుడు ఏడిస్తే ఇన."

పక్కన తల్లి లేకుంటే మున్నీ నిద్ర కూడా పోదు. ఆ పిల్లను బోర్డింగులో వేయడమంటే స్వరూపకు ప్రాణం పోయినంత పని. అందుకే పట్టుదలగా నేర్పింది. మొదటి పుస్తకంగా వాక్యాన్ని మించింది ఏముంటుందని, రోజూ ప్రార్థనలో చదువుకునే కీర్తనలనే పాఠాలు చేసింది. మూడు నెలలకే పిల్ల చదవసాగింది. స్వరూప సంబరం చెప్పనలవి కాదు.

ఆ సంబరం జనవరిలో ఒక పొద్దున కూలిపోయింది. మున్నీ చాప మీద కూర్చుని, వేలు కదుపుతూ కీర్తన చదువుతోంది. పప్పు తాలింపు పెడుతూ వంటగదిలోంచి తొంగిచూసిన స్వరూప గరిటె వదిలేసి దగ్గరికొచ్చింది. పిల్ల తెరిచిన పుట వేరు, చదువుతున్న కీర్తన వేరు.

అప్పుడు తెలిసొచ్చింది. ఆ కీర్తనలన్నీ చంద్రమ్మ ఉయ్యాల ఊపుతూ పాడినవే, రెండుపూటలా ప్రార్థనలో ఇంటిల్లిపాదీ చెప్పుకునేవే. పిల్లకు అవి కంఠతా వచ్చు. కంఠతా వచ్చినదాన్ని చదివించి, చదువు వచ్చిందనుకుంది తల్లి. తాలింపు మాడి ఇల్లంతా పొగ కమ్మినా ఆమెకు పట్టలేదు.

"గిట్లెందుకు జేసినవ్ బిడ్డా?"

"నువ్వు ఖుషీ అయితవ్ గదమ్మా" అంది మున్నీ, తల దించుకుని.

 స్వరూప పిల్లను ఒళ్లోకి లాక్కుని ఏడ్చింది. దాచితే ఇంకో అబద్ధం అవుతుందని ఆ సాయంత్రమే ఇంట్లో చెప్పేసింది.

"ఆలు లేదు సూలు లేదు, కొడుకు పేరు సోమలింగం!" చంద్రమ్మ అందుకుంది. "సంఘం ముంగట సాక్ష్యం జెప్పేముందు కొంచెం ఆగితే నీ సొమ్మేం బోయె?"

కృపాకర్ మాత్రం, "ఈస్టర్‌కు ఇంక మూన్నెల్లున్నది" అన్నాడు. అంతే. స్వరూపకు ఆ మాట అత్త తిట్టుకన్నా బరువుగా తోచింది.

మర్నాటి నుంచి కీర్తనలు ప్రార్థనకే. పాఠానికి మాత్రం మున్నీ ఎన్నడూ వినని మాటలు కావాలి. మిర్చి బజ్జీలు కట్టిచ్చిన కాగితం, పక్కింటి బర్రెల దాణా సంచి, గోడమీద పోస్టరు, ఏది దొరికితే అది. ఒక్కో మాటకు పావుగంట. నిన్న వచ్చిన అక్షరం ఇవాళ రాదు. ఒక్కోరోజు తల్లీబిడ్డలిద్దరూ పలక పక్కన పడేసి అలిగి కూర్చునేవాళ్లు. "ప్రభువా, నాకు ఓపికియ్యి, లేకుంటే దీన్ని కొడ్త" అని ఎన్నిసార్లు మొక్కుకుందో లెక్కలేదు.

మార్చిలో ఒకనాడు తల్లీబిడ్డలెక్కిన షేర్ ఆటో శాలిబండలో ఆగింది. మున్నీ ఒక దుకాణం బోర్డు కేసి చూస్తూ పెదాలు కదిపింది. "ఇ... చ్చ... ట. ఇచ్చట! కు... ట్టు... కుట్టు..." అంతలో ఆటో కదిలింది. "అరె, మిగిలింది మల్లొచ్చినప్పుడు సదువుత" అంది పిల్ల, పెద్ద ఆరిందాలా. స్వరూపకు నడిరోడ్డు మీద కేక పెట్టాలనిపించింది. అయినా ఇంటికొచ్చి కిక్కురుమనలేదు. ఒకసారి చప్పట్లు కొట్టించుకుని కాల్చుకున్న నోరది.

ఈస్టర్‌కు వారం ముందొచ్చే మట్టల ఆదివారానికి ముందు శుక్రవారం సాయంత్రం, గృహకూడిక ప్రార్థన వీళ్ల ఇంట్లో జరిగింది. చిన్న గదిలో పాతికమంది. ఆ సంఘంలో ఒక పద్ధతుంది. వచ్చినవాళ్లు తమ మనవిని చీటీ మీద రాసి స్టీలు డబ్బాలో వేస్తారు. ఎవరింట్లో కూడికయితే ఆ ఇంటివాళ్లే వాటిని చదవాలి, అందరూ ప్రార్థించాలి. పాటలయ్యాక కృపాకర్ డబ్బా మూత తీశాడు.

"బాపు, నేను సదువుత" అంది మున్నీ.

 క్రిస్మస్‌నాడు పిల్ల చదవలేదని, కంఠతా చెప్పిందని అప్పటికే సంఘమంతా పొక్కింది.  స్వరూప వద్దని అరవాలనుకుంది. కానీ సంఘ పెద్ద డానియేలు తాత, "సదువనియ్యి, కృపాకర్" అన్నాడు.

మొదటి చీటీ. "బీ... ర... బీరయ్య. బీరయ్య కా... లు... నొ... నొప్పి..." చెమట పట్టింది పిల్లకు. పక్కింటి గీతాంజలి ఉండబట్టలేక, "గిట్లయితే ఈ చీటీలు అయ్యేసరికి ఈస్టర్ ఒస్తది, వదినా" అని గుసగుసలాడింది. స్వరూపకు కోపం రాలేదు. కళ్లనిండా నీళ్లొచ్చాయి. పిల్ల తడబడుతోంది! కంఠతా వచ్చినవాళ్లు తడబడతారా? ఆ చీటీలో ఏముందో తల్లికే తెలియదు, అందించడానికి ఎవరి వల్లా కాదు. కూతురు నత్తినత్తిగా చదువుతుంటే ఇంత మురిసిపోయిన తల్లి గౌలిపుర మొత్తంలో ఇంకొకతె ఉండదు.

బీరయ్య కాలు నొప్పి తగ్గాలని అందరూ ప్రార్థించారు. రెండోది, మూడోది అయ్యాయి. నాలుగో చీటీలో అక్షరాలు వంకరటింకరగా, ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. మున్నీ దాన్ని బల్బు కిందికి జరిపి పట్టుకుంది.

"నా... మన... వ... రాలు... మున్నీకి... స... దువు... రావాలె. బో... ర్డింగుకు... పంపొద్దు."

 మున్నీ చీటీని ఇంకోసారి చూసి తలెత్తింది. "నానమ్మా, ఇది నువ్వు రాసినవా?"

ఇన్నాళ్లూ కోడలి మీద దుమ్మెత్తిపోసిన చంద్రమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడుస్తోంది. స్వరూప లేచి వెళ్లి అత్త పక్కన కూర్చుని, ఆమె చేయి పట్టుకుంది.

కృపాకర్ తల్లి వైపు తిరిగాడు. "ఇగ ఎక్కడికి పంపుడు లేదమ్మా. ఇంట్లనే సదువుకుంటది."

డానియేలు తాత ఎప్పటిలాగే, "ఈ మనవి కోసం ప్రార్థన చేద్దాం" అని కళ్లు మూసుకోబోయాడు.

"ఏంది తాతా ప్రార్థన?" చంద్రమ్మ ముక్కు తుడుచుకుంటూ కసిరింది. "గా చీటీ సదివింది ఎవరనుకున్నవ్? దేవునికి స్తోత్రం జెప్పు!"