లొల్లి లేని ఇల్లు

రూపది వాళ్ళింటి గొంతు. బాపు మల్లన్న బేగంబజార్‌లో హమాలీ. నెత్తిన బస్తాతో జనాన్ని తప్పించడానికి అరిచి అరిచి, ఇంట్లో మంచినీళ్ళు అడిగినా గల్లీ చివరిదాకా వినబడేలా తయారయ్యాడు. అమ్మ రాజమణి లాడ్ బజార్‌లో ఒక గాజుల దుకాణం ముందు నిలబడి గిరాకీని పిలుస్తుంది. నాయనమ్మ నీలమ్మకు చెవుడు. మెల్లగా మాట్లాడే అవసరం ఆ ఇంట్లో ఎవరికీ రాలేదు.

అలాంటి రూపకు అత్యవసర ఫోన్లు అందుకునే కేంద్రంలో శిక్షణకు సీటు దొరికింది. మొదట అన్నీ ఉత్తుత్తి ఫోన్లే. శిక్షణ ఇచ్చే ఇస్సాకు సార్ పక్కగదిలోంచి ఫోన్ చేసి, గుండెనొప్పి వచ్చిన ముసలాయనలా మూలిగాడు.

"ఏడున్నరు? ఏడ నొస్తుంది? జల్ది చెప్పుర్రి!" అంది రూప.

ఇస్సాకు సార్ చెవి రుద్దుకుంటూ బయటికొచ్చాడు. "అమ్మా, నాకే రోగం లేకుండె. నీ మాట వినంగనే నిజంగనే దడ పట్టుకుంది. అవతలోళ్ళు ఎట్లన్న అరుస్తరు. నువ్వు గొంతు దించితే వాళ్ళు గూడ దించుతరు. ఇంట్ల ప్రాక్టీస్ చెయ్యి."

రూప ఇంటికెళ్ళి ఆ మాటే చెప్పింది. మల్లన్న వెంటనే ఒప్పుకున్నాడు. "పిల్ల నౌకరీ పక్కా అయ్యేదాంక ఈ ఇంట్ల ఎవరు నోరు లేపినా నాతోని మంచిగుండదు!" అని అరిచాడు. ఆ తర్వాత ఇల్లు సద్దుమణిగింది.

"రాజమణీ, కొన్ని నీళ్ళిస్తవా?" అని మల్లన్న మెల్లగా అడిగితే, ఆమె వచ్చి ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. "జరం గిట్ల వచ్చిందా?" అని తనూ మెల్లగానే అడిగింది. ఇద్దరికీ ఎందుకో సిగ్గేసింది. నీలమ్మ మాత్రం సౌండ్ తగ్గించిన టీవీ చెడిపోయిందనుకుని, దాన్ని రోజూ నాలుగు దెబ్బలు వేస్తూ వచ్చింది.

రూప గొంతు దిగింది. ఇస్సాకు సార్ రెండో హెడ్‌సెట్ పెట్టుకుని పక్కన కూర్చుంటే, ఒక మధ్యాహ్నం మొదటి అసలు ఫోన్ ఎత్తింది.

"చెప్పండి, మీకేం సాయం కావాలి?"

"అమ్మా, జల్ది పోలీసోళ్ళను పంపు! మా పక్కింట్ల ఏదో ఘోరం అయ్యింది!"

ఆ గొంతు ఎవరిదో రూపకు వెంటనే తెలిసింది. గోడకు అవతల ఒంటరిగా ఉండే బేబీ అత్త. కానీ ఫోన్‌లో తామెవరో చెప్పుకోకూడదన్నది అక్కడి నియమం.

"కంగారు పడకండి. మీ పేరు చెప్పండి. ఎవరి ఇల్లు?"

"నా పేరు బేబీ. ఇల్లు మల్లన్నది. లాడ్ బజార్ ఎనక గల్లీల."

రూప మైకు మూసి, "సార్, మా ఇల్లే" అని గొణిగింది.

"అయితే ఏంది? అడగాల్సినవి అడుగు" అన్నాడాయన.

"అక్కడ గొడవ జరుగుతోందా అండీ?"

"గొడవ లేదమ్మా, గదే గొడవ! వారం రోజులసంది ఆ ఇంట్ల సప్పుడు లేదు. గోడకు చెవి పెట్టి విన్న. మల్లన్న పెండ్లాన్ని నీళ్ళిస్తవా అని అడిగిండు. ఇస్తవా అంట! వాళ్ళ బిడ్డ రూప ఉంటది, నోరు సైరన్ లెక్క. దానిది గూడ వినబడ్తలేదు. ఏం జేసిన్రో ఏమో, బంగారమసొంటి పిల్ల!" బేబీ ఏడ్చేసింది.

ఇస్సాకు సార్ రుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"ఇప్పుడు ఇంట్లో ఎవరైనా కనిపిస్తున్నారా?"

బేబీ మల్లన్న గుమ్మం దాకా వెళ్ళిన చెప్పుల చప్పుడు వినిపించింది. తర్వాత కేక. "అయ్యో దేవా! ముసలామె నోరు తెరుసుకుని పడున్నది. పిలిస్తే పలుకుతలేదు. పోయినట్టుందమ్మా!"

అమ్మ, బాపు పనికి వెళ్ళారు. నాయనమ్మ ఒక్కతే ఉంది. చెవిటి మనిషి పిలిస్తే పలకదని తెలుసు. అయినా సార్ వైపు చూసింది. ఇస్సాకు సార్ అప్పటికే అంబులెన్సుకు కబురు పెట్టాడు.

రూప గొంతు ఇంకా దించింది. "లోపలికి వెళ్ళండి. నేను ఫోన్‌లోనే ఉన్నాను. ఆమె ఛాతీ లేచి పడుతోందేమో చూడండి."

"నాకు భయమైతుందమ్మా."

"అవుతుంది. అయినా వెళ్ళండి. మెల్లగా."

బేబీ గొంతు కూడా తగ్గింది. "పోయిన... పక్కకే నిలబడ్డ... చీర మీద చీర కప్పుకున్నది, ఛాతీ తెలుస్తలేదు. ముక్కు కాడ వేలు పెట్టి చూస్త ఆగు..."

"దొంగ! దొంగ! నా ముక్కుపుడక!"

నీలమ్మ లేచింది. ఆ వెంటనే దేనితోనో బాదుతున్న చప్పుడు, బేబీ కేకలు. రూప నియమాలన్నీ మరిచిపోయి కుర్చీలోంచి లేచింది.

"నాయినమ్మా! కొట్టకు! అది బేబీ అత్తనే!"

హాల్లో వాళ్ళందరూ తలలు తిప్పారు. నీలమ్మకు ఆ అరుపు ఫోన్‌లోంచే వినబడింది. "రూపా, ఏ మూల దాక్కున్నవే?" అంటూ మంచం కింద వెతకసాగింది.

బేబీ ఫోన్ మళ్ళీ చెవికి ఆనించుకుంది. "రూపా? గింతసేపు నువ్వేనా?"

అంబులెన్సును వెనక్కి పంపారు. ఇస్సాకు సార్ రూపను ఇంకో వారం శిక్షణలో ఉండమన్నాడు. "ముక్కు కాడ వేలు పెట్టుమని నువ్వు చెప్పలే. దానికి మార్కులు తియ్య. ఆ అరుపుకు మాత్రం తీస్త" అన్నాడు.

సాయంత్రం వాపెక్కిన మోచేతితో బేబీ వాకిట్లోనే కూర్చుని ఉంది.

"నన్ను పేరు అడుగుతవా? అండీ గిండీ అంటవా? నా ఒళ్ళె పెరిగినదానివి!"

"అత్తా, అది రూల్."

"ఏం రూలో." బేబీ చీర కొంగు మెలితిప్పింది. "నేను ఒక్కదాన్నే ఉంటగదనే. మీరు లొల్లి జేస్తుంటే ఇంట్ల మనుషులున్నట్టుంటది. గది లేకపోతే నిద్ర పడ్తలేదు."

ఆ రోజు నుంచి రూప సాధన బేబీ ఇంట్లో పెట్టుకుంది, తమ ఇంట్లో లొల్లి మళ్ళీ మొదలైంది. బేబీ వంటగదిలోంచి రోజుకో ఉత్తుత్తి ఆపద చెప్తూ ఫోన్ చేసేది, రూప ముందుగదిలోంచి మెల్లగా జవాబిచ్చేది. వారం తర్వాత పెట్టిన పరీక్షలో నెగ్గి ఉద్యోగంలో చేరాక కూడా బేబీ వదల్లేదు. రూప డ్యూటీ దిగి గల్లీలోకి రాగానే గుమ్మంలో కాపు కాసేది.

"నిన్న పాము కరిచింది గద," అనేది అరవై దాటిన బేబీ. "ఇయ్యాల నాకు కాన్పు పెట్టుకుందమా?"