ఇంటిపేరు టింబర్

సదయ్య దీపాన్ని టోపీకి తగిలించుకుని, గొడ్డలి భుజాన వేసుకుని గనిలోకి దిగబోతుంటే ఆఫీసరు ఆపాడు. కొత్త యంత్రం పని చూడటానికి గోదావరిఖనికి జపాను ఇంజనీర్లు వచ్చారు. వాళ్లతో ఫోటో దిగే పాత కార్మికుల మెడలో, జపాను అక్షరాల్లో పేరు రాసిన అట్టబిళ్లలు వేస్తున్నారు.

సదయ్య పొట్టి మనిషి. గోళ్లలోని బొగ్గు ఏ సబ్బుకూ లొంగదు. బొగ్గు తవ్విన చోట కప్పు కూలకుండా కట్టెలు నిలబెట్టడం అతని పని. గనిలో ఆ పనిని టింబర్ అంటారు. అసలు ఇంటిపేరు ఎప్పుడో మరుగున పడింది. కూతురి పెళ్లిపత్రికలో కూడా టింబర్ వారనే అచ్చయింది.

"ఏం రాసినవ్ బిడ్డా?" అని దుబాసీగా వచ్చిన దీపను అడిగాడు.

"కికొరి సదయ్య. మీ ఇంటిపేరును కూడా వాళ్ల భాషలోకి మార్చాను. చెట్లు కొట్టేవాడు అని."

సదయ్య ముఖం జేవురించింది. "నేను చెట్లు కొట్టెటోన్ని కాదు. కప్పు కూలకుండ కట్టె పెడ్త. కట్టె లేని కాడ్నే మా తమ్ముడు సచ్చిండు. మళ్ల రాయి."

దీప ఆఫీసరు వైపు చూసింది.

"చేతిల గొడ్డలున్నది గద, సరిపోయింది," అని అతను నవ్వాడు. "వాళ్లకు తెలుగు రాదు, నీకు జపాను రాదు. నీకేం ఫికర్?"

ఏం ఫికరట. తన గది తలుపు మీద పేరులో ఒక్క అక్షరం తప్పితే పెయింటరును దులిపేసే మనిషి అడగాల్సిన మాటేనా ఇది? సదయ్య పెట్టిన కట్టెల కిందనుంచే కదా అతను క్షేమంగా ఇంటికి పోయేది.

సదయ్య బిళ్లను తిప్పాడు. కట్టెలకు గుర్తుపెట్టే సుద్దముక్కతో వంకర అక్షరాల్లో 'టింబర్' అని రాసుకుని, అలాగే ఫోటో దిగాడు.

షిఫ్టంతా కోపం చల్లారలేదు. "చెట్లు కొట్టెటోడంట. సచ్చినా గా పేరు నాకొద్దు," అని జోడీగా పనిచేసే బిక్షంతో అంటూనే కట్టెలు బిగించాడు.

పైకి వచ్చాక దీపాల గది ముందు బల్లమీద కూలబడ్డాడు. "నువ్వు నడువు, నేనొస్తున్న," అన్నాడు. బిక్షం చాయ్ పట్టుకుని తిరిగొచ్చేసరికి తల గోడకు ఆనించి ఉన్నాడు. మళ్లీ లేవలేదు. గుండె ఆగిందని దవాఖానలో చెప్పారు.

భార్య ఐలవ్వ అతని బూట్లు, గొడ్డలి బిక్షానికి ఇచ్చేసింది. బిళ్లను మాత్రం జపాను అక్షరాలు గోడవైపు ఉండేలా మేకుకు తగిలించింది. ఇల్లంతా దులిపినా దానికి బట్ట తగలనివ్వదు, సుద్ద చెరిగిపోతుందని.