చల్లగా ఉం...

మా ఆయన ఓడలో ఇంజను మెకానిక్కు. నెలల తరబడి నీళ్ళ మీదే కాపురం. వెళ్తూ వెళ్తూ ఆయన ఇంట్లో వదిలిపెట్టింది ముగ్గుర్ని: వాళ్ళమ్మ, నేను, గాజు తొట్టెలో ఒక బంగారు చేప. ఫోన్ చేస్తే ముందు అడిగేది చేపనే. "దొర తిన్నాడా? చురుగ్గా ఉన్నాడా?" దొర అని పేరు పెట్టింది కూడా ఆయనే. నేను తిన్నానో, ఉన్నానో, పోయానో, ఆ ఊసే ఉండదు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, నాకోసం ఒక మాట అంటాడేమోనని ఫోన్ చెవికి అతికించుకుని కూర్చుంటాను. సిగ్గులేని చెవి!

ఆ మధ్యాహ్నం ఎండ పెళపెళలాడుతోంది. మిషను తొక్కుతుంటే చెమట కారి కుట్టే గుడ్డ మీద పడుతోంది. దొరగారు నీళ్ళ పైకి తేలి నోరు తెరుస్తూ మూస్తూ ఉన్నాడు. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది.

"ఎండలు మండిపోతున్నాయటగా! దొర ఎలా ఉన్నాడు?"

"నోరు తెరుచుకుని ఉన్నాడు, అచ్చం నీలాగే."

నవ్వాడు. ఆ నవ్వు వింటే సగం కోపం ఎగిరిపోతుంది నాకు, అదీ నా ఖర్మ. "ఇక కొన్నాళ్ళు సిగ్నల్ ఉండదే, ఫోన్ చెయ్యలేను" అన్నాడు. "పెట్టేసే ముందు ఏమైనా చెప్తావా?" అన్నాను, నోరు ఊరుకోక. గరగరమని చప్పుడు, మధ్యలో "చల్లగా ఉం" అని వినపడింది. అంతే, తెగిపోయింది.

చల్లగా ఉంచు! చేపని చల్లగా ఉంచాలట! అంత అడిగితే ఆఖరికి ఆ మాట కూడా దానికేనా? నాకు ఒళ్ళు మండిపోయింది. ఫ్రిజ్ తెరిచి ఐసు ముక్కలన్నీ తీసుకెళ్ళి తొట్టెలో బోర్లించాను. "చల్లబడవయ్యా మహానుభావా!"

దొర తొట్టెంతా ఒక్కసారి గిర్రున తిరిగి, పక్కకి ఒరిగిపోయాడు. నా కోపం అక్కడికక్కడే చచ్చిపోయింది.

"అత్తయ్యా!" అని కేకేశాను.

అత్తయ్య వంటింట్లోంచి గరిటెతోనే వచ్చింది. తొట్టె చూసి నెత్తి కొట్టుకుని, ఐసు ముక్కల్ని ఆ గరిటెతోనే తోడి అవతల పారేసింది. "మతి పోయిందా అమ్మాయ్? ఒళ్ళు కాలిపోతున్నవాళ్ళ మీద ఉన్నట్టుండి మంచునీళ్ళు కుమ్మరిస్తారా?"

"మీ అబ్బాయే చల్లగా ఉంచమన్నాడు."

"వాడా? చచ్చినా అనడు. 'చల్లగా ఉండు' అనుంటాడు. ఓడ ఎక్కేటప్పుడల్లా నేను వాడికి చెప్పే మాట. అది నీకు చెప్పాడే పిచ్చిదానా!"

నాకా? నిజమో కాదో అడుగుదామంటే సిగ్నల్ లేదాయె.

కర్టెన్లు లాగేశాం. తొట్టె లైటు ఆర్పి, మూత తీసేసి, నీళ్ళకి గాలి తగిలేలా ఫ్యాను పెట్టాం. కాసేపటికి కరెంటు కూడా పోయింది, దానికీ నామీదే పగ. ఇక గ్లాసు పట్టుకుని కూర్చున్నాను. తొట్టెలో నీళ్ళే తీసి, కాస్త ఎత్తునుంచి అందులోకే పొయ్యడం, గాలి కలవాలని. తియ్యడం, పొయ్యడం. చెయ్యి లాగేస్తున్నా ఆపలేదు. అవి ఆయన చేతులు ముంచిన నీళ్ళు. వాటి దగ్గర కూర్చుంటే ఏడుపు ఆగలేదు.

"బతకరా నాయనా," అన్నాను. "నువ్వు పోతే ఆయన ఫోన్ చేసి ఏమని మొదలుపెడతాడురా? అసలు చేస్తాడా?"

పొద్దు వాలేవేళకి దొర రెక్క కదిలించాడు. కాస్త కాస్తగా నిటారుగా నిలబడ్డాడు. అత్తయ్య ఇద్దరికీ మజ్జిగ కలిపి తెచ్చింది.

ఆ తర్వాత రోజూ కర్టెన్లు వేస్తూ, మూత తీస్తూ, మధ్యాహ్నాలు దొరకి కాపలా కాస్తూ ఎదురుచూశాను. ఉంచు అన్నాడా, ఉండు అన్నాడా? కుట్టినదంతా వంకరే, విప్పి మళ్ళీ కుట్టడమే. చివరికి ఫోన్ మోగింది.

"దొర ఎలా ఉన్నాడు?"

"భేషుగ్గా ఉన్నాడు. ఆ రోజు ఫోన్ తెగిపోతుంటే ఏమన్నావు? చల్లగా ఉంచు అన్నావా, చల్లగా ఉండు అన్నావా?"

"రెండూ కాదే. ఇంజను గదిలో ఉడికిపోయి అప్పుడే పైకొచ్చాను. 'ఇక్కడ చల్లగా ఉందే, నువ్వు కూడా పక్కనుంటే ఎంత బాగుండేదో' అన్నాను. వినపడలేదా?"

మిషను మీద తల వాల్చేశాను.

"ఇప్పుడూ వినపడలేదు," అన్నాను. "మళ్ళీ చెప్పు."