పసుపు కింది ఖాళీ

మెట్లు ఎక్కుతుండగానే సంతగాడి ముక్కుకు టర్పెంటైన్ వాసన తగిలింది. అక్క పోయిన దగ్గర్నుంచి పైగదిలో ఎవరూ రంగు మూత తీయలేదు. తనైతే తీయలేదు. బావ తీసినా తన మూలలో కూర్చుని తన బొమ్మ తను వేసుకుంటాడు, అంతకన్నా ఏం చేస్తాడు అనుకుంటూ తలుపు తోశాడు.

బావ తన మూలలో లేడు. అక్క బొమ్మ ముందు మోకాళ్ల మీద కూర్చుని, అరచెయ్యంత వెడల్పు బ్రష్షుతో ఆ గుడ్డ అడుగున ఒక మట్టిరంగు పట్టీ లాగుతున్నాడు. ఈ కొస నుంచి ఆ కొసకు దాదాపు వచ్చేశాడు.

"బావా!"

బావ ఉలిక్కిపడలేదు. చెయ్యి ఆపలేదు కూడా. "అరవకు. చెయ్యి వణికితే పట్టీ వంకర పోతుంది," అన్నాడు.

ఆ గది టైర్ల దుకాణం పైన ఉంటుంది. రైలుపెట్టెలా పొడుగ్గా, ఇరుగ్గా, ఒకవైపే కిటికీలతో. ఏళ్ల తరబడి ముగ్గురూ అందులోనే బొమ్మలు వేశారు. కిటికీ పక్క మంచి వెలుతురు బావది. అతని బొమ్మలు అమ్ముడుపోయేవి కాబట్టి. గాలి వచ్చే తలుపు పక్క తమ్ముడిది. నడిమధ్యన, వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ దాటుకుంటూ వెళ్లే చోటు అక్కది. ఆ విషయం గురించి ఆవిడ ఒక్కనాడూ నోరెత్తలేదు.

ఆవిడ బొమ్మల్లో మనుషులుండరు, ఇళ్లుండవు. పెద్ద గుడ్డ, దాని మీద ఒక రంగు; మహా అయితే రెండు. "రెండు రంగులైతే కాపురం. మూడోది వచ్చిందా, ఇక తగువే," అనేది. తమ్ముడి బొమ్మలో రంగులన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటుంటే చూసి, "ఇది బొమ్మా, సంతా? సగం మందిని ఇంటికి పంపించెయ్యరా," అనేది. అలా అతనికి సంతగాడని పేరు పడింది. కన్నవాళ్లు పెట్టిన పేరు ఇంట్లోనే ఎవరికీ గుర్తులేకుండా పోయింది.

ఒకసారి నీళ్ల మోటారు సంగతి చెప్పడానికి కింది టైర్లాయన పైకొచ్చాడు. ఆవిడ బొమ్మను అటు నుంచీ ఇటు నుంచీ చూసి, "ఒక పూత అయినట్టుందమ్మా, రెండోది ఎప్పుడేస్తారు?" అని అడిగాడు. అప్పటికి అది ఎన్నో పూతో ఆవిడకే లెక్క లేదు. ఆ మాట తలచుకుని చాలా రోజులు నవ్వింది.

రంగును నీళ్లంత పలచన చేసి గుడ్డకు పామేది, పాత బనియను ముక్కతో తుడిచేసేది. ఆరాక మళ్లీ పామి మళ్లీ తుడిచేది. చూసేవాళ్లకు పూయడం కన్నా తుడవడమే ఎక్కువ కనిపించేది. ఆఖరికి ఆ రంగు గుడ్డ మీద ఉన్నట్టుండదు. గుడ్డ వెనకాల ఎవరో దీపం పెట్టినట్టుంటుంది.

ఆఖరి బొమ్మ అలాంటిదే. మనిషి కన్నా ఎత్తు. పైనంతా పసుపు, ముందు నిలబడితే ముఖానికి వెచ్చగా తగులుతుందేమో అనిపించే పసుపు. అడుగున మోకాలెత్తు మేర మాత్రం వట్టి గుడ్డ, నేత పోగులు కనిపిస్తూ. అక్కడిదాకా వేసి ఆవిడ ఆసుపత్రికి వెళ్లింది. తిరిగి రాలేదు.

బావ ఆ బొమ్మను ఫోన్లో ఫోటో తీసి, గ్యాలరీ నడిపే మేడమ్‌కు పంపాడు. ఇరుకు గది కావడంతో ఫోటోలో పసుపే పడింది, అడుగు పడలేదు. ఆవిడ వెంటనే ఫోన్ చేసింది. అక్క బొమ్మలతో విడిగా ప్రదర్శన పెడతానంది. బతికుండగా అక్కకు అందని గౌరవం అది. "పెద్ద గోడకు ఈ పసుపు ఒక్కటే పెడదాం. మిగతావి చిన్నవి, దీని అండనే నిలబడాలి. ఇది ఆవిడ చేత్తో పూర్తి చేసిందే కదా? సగంలో ఆగినవి నేను పెట్టను," అంది. పూర్తయిందే అని బావ మాటిచ్చాడు. మేడమ్ ఇవాళ మధ్యాహ్నం వ్యాను తీసుకుని వస్తోంది.

బావ బతుకు కోరతాడు, దాయాది చావు కోరతాడని సామెత. ఆ రెండు పనులూ తన బావ ఒక్కడే చక్కబెట్టగలడని సంతగాడి నమ్మకం.

"ఎవరు ముట్టుకోమన్నారు దాన్ని?"

"నా పెళ్లాం బొమ్మ. నిన్నడిగి ముట్టుకోవాలా?"

"అది అయిపోయిన బొమ్మ!"

"అయిపోయిందని నీ చెవిలో ఊదిందా?"

"బ్రష్షు కడిగి మేకుకు తగిలించింది. నీకు తెలీదా? బొమ్మ అవకపోతే అక్క బ్రష్షు కడగదు. నూనెలో ముంచి గుడ్డ చుట్టి పెడుతుంది. సబ్బుతో కడిగిందంటే అయిపోయినట్టే. ఇన్నేళ్లు కాపురం చేశావు, ఆ మాత్రం చూడలేదా?"

బావ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తర్వాత బ్రష్షును పక్కనున్న డబ్బాలో ముంచాడు.

ఆ డబ్బాను చూడగానే సంతగాడికి ఒళ్లు మండింది. అది మిగులు డబ్బా. సాయంత్రం లేచేముందు ముగ్గురూ ప్యాలెట్ల మీద మిగిలిన రంగు గీరి అందులో వేసేవాళ్లు. ఎండిపోకుండా పైన నీళ్లు పోసి ఉంచేవాళ్లు. అందరి రంగులూ కలిసి అదో పేరు లేని మట్టిరంగయింది. కుర్చీలకూ, చెక్కలకూ పూయడానికి తప్ప వాడింది లేదు.

"ఊరందరి ఎంగిలీ తెచ్చి అక్క బొమ్మకు పూస్తావా?"

"ఊరందరిదీ కాదు, మన ముగ్గురిదే. అందులో నీదే ఎక్కువుంది, పారేసింది నువ్వే ఎక్కువ కదా. ఏడవకు, వాటా వచ్చింది నీకు."

సంతగాడు సింకు దగ్గరున్న టర్పెంటైన్ సీసా అందుకుని, ఒక గుడ్డపేలిక తడిపి, బావను భుజంతో నెట్టి ఆ పట్టీని తుడవడం మొదలుపెట్టాడు.

పచ్చిరంగు తుడిస్తే వచ్చేస్తుంది. కానీ అది రంగుకు ముందు వేసే తెల్ల పూత కూడా లేని వట్టి గుడ్డ. అలాంటి గుడ్డ దేన్నయినా తాగేస్తుంది. చిత్రకళలో ఓనమాలు దిద్దేవాడికి కూడా తెలిసిన సంగతి. అతనికీ తెలుసు, కోపంలో గుర్తు రాలేదు. తుడిచినకొద్దీ పట్టీ పోయి మరక వచ్చింది. మరక పలచబడుతూ పక్కలకు పాకింది, పైకి పాకింది. పేలిక ఇంకా తడిపాడు. ఇంకా పాకింది. పసుపు అంచు దాకా వెళ్లి, దాన్ని తాకి, అక్కడ ఆగింది.

బావ లేచి నిలబడ్డాడు. ఆపడానికి కాదు, చూడటానికి.

"తుడవరా, తుడువు. మీ అక్కలాగే తుడుస్తున్నావు."

సంతగాడు పేలిక వదిలేశాడు.

"ఇందాకటిదాకా నేనొక్కడినే దొంగని," అన్నాడు బావ. "ఇప్పుడు తోడు దొరికింది."

"నువ్వు ముట్టుకోకపోతే ఇదంతా ఉండేదా? ఆవిడ కడిగి పెట్టిన బ్రష్షు..."

"ఆ బ్రష్షు కడిగింది నేను."

సంతగాడికి ఆ మాట వెంటనే ఎక్కలేదు.

"ఆ రోజు ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్లలేక ఇక్కడికి వచ్చాను. బ్రష్షుకు గుడ్డ చుట్టి ఉంది. నూనె బల్ల మీదికి కారుతోంది. ఏం చెయ్యాలో తోచలేదు, కడిగాను. సబ్బు అరిగిపోయేదాకా కడిగాను. ఆరబెట్టాలి కదా అని మేకుకు తగిలించాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వడిగావా? వచ్చావు, మేకు వైపు చూశావు, తీర్పు చెప్పేశావు. అక్క మనసు నీకొక్కడికే తెలుసునన్నట్టు."

గుడ్డ చుట్టి ఉందంటే ఆవిడ మళ్లీ వేద్దామనే అనుకుంది. ఏ రంగు, ఎంత మేర, ఎవరికీ తెలీదు. తెలిసే దారీ లేదు. ఆ వట్టి గుడ్డ అక్క ఉద్దేశమని ఇన్నాళ్లూ మనసులో వాదించుకుంటూ వచ్చినవాడికి ఇప్పుడు పట్టుకోవడానికి ఏమీ మిగల్లేదు.

"అయితే అది అయిపోలేదు," అన్నాడు మెల్లగా.

"అయిపోలేదు. అందుకే అయిపోగొట్టాను. మీ అక్కకు ఆ గోడ దక్కాలి. ఇన్నాళ్లూ నడిదారిలో కూర్చోబెట్టాం, దాటుకుంటూ తిరిగాం."

"కూర్చోబెట్టింది నువ్వు."

"కిటికీ నాది, ఇవ్వలేదు, ఒప్పుకుంటాను. తలుపు నీది కదా, నువ్విచ్చావా?"

సంతగాడు తలుపు పక్క తన చోటు వైపు చూశాడు. మెట్ల మీద చెప్పుల చప్పుడయింది.

మేడమ్ లోపలికి వచ్చి, ఇద్దరినీ పలకరించడం కూడా మరచిపోయి బొమ్మ ముందు నిలబడిపోయింది. వెనకాలే వచ్చిన ఇద్దరు కూలీలు దుప్పట్లు పట్టుకుని గుమ్మంలోనే ఆగారు. ఆవిడ వెనక్కి జరిగి చూసింది. వంగి చూసింది.

"అడుగు ఫోటోలో పడలేదు కదూ," అంది. "ఈ పొగమరక లేకపోతే పసుపు గాల్లో తేలిపోయేదండీ. ఇది కాళ్లిచ్చింది దానికి. ఎంత తక్కువతో చేశారో చూడండి." మళ్లీ వంగి, "తడిగా ఉందేమిటి?" అంది.

"దుమ్ము పడితే తుడిచాడు, మా బావమరిది," అన్నాడు బావ. "శుభ్రం ఎక్కువ వీడికి."

మేడమ్ నవ్వింది. నవ్వుతూనే అడిగింది. "ఇదంతా ఆవిడ చేత్తో వేసిందే కదండీ?"

"ఆవిడదే," అన్నాడు బావ. అని సంతగాడి వైపు చూశాడు. ఆ చూపులో బతిమాలడం లేదు. నోరు తెరిచావంటే చంపేస్తానన్న చూపు.

సంతగాడు బొమ్మ వైపు చూశాడు. మేడమ్ చెప్పింది నిజమే. బాగుంది. బాగులేకపోతే ఎంత సులువుగా ఉండేది! తల ఊపితే చాలు, అక్క పేరు ఆ గోడ మీద ఉంటుంది. జనం వచ్చి నిలబడతారు. నిలబడి, ఆ మరక దగ్గరే వంగి, ఆవిడ ఎంత తక్కువతో చేసిందో అని మెచ్చుకుంటారు. అందరూ తనను దాటుకుంటూ తిరిగే గదిలో కూర్చుని, ఇంకొకరి చెయ్యి పడకుండా ఆవిడ కాపాడుకున్నది ఆ గుడ్డ ఒక్కటే. దాని మీద ఇద్దరి చేతులూ పడ్డాయి. పడ్డ చేతులకు ఆవిడ పేరు పెట్టడం ఒక్కటే మిగిలింది.

"పసుపు మా అక్కది," అన్నాడు. "కింద ఉన్నది కాదు."

మేడమ్ నవ్వు ఆగింది. "ఎవరిది మరి?"

"మా ఇద్దరిదీ. ఇందాకే."

కూలీల్లో ఒకడు దుప్పటిని ఒక భుజం మీంచి ఇంకో భుజానికి మార్చుకున్నాడు. మేడమ్ ఒకసారి ఆ మరకనూ, ఒకసారి వాళ్లిద్దరినీ చూసింది.

"చెప్పి మంచిపని చేశారు," అంది చివరికి. "చెయ్యకుండా ఉండుంటే ఇంకా మంచిపని అయ్యేది. చిన్నవాటితో ఆ హాలు నిండదు. వచ్చే ఏడు చూద్దాం."

వచ్చే ఏడంటే ఏమిటో ఆ గదిలో అందరికీ తెలుసు. ఆవిడ వెళ్లిపోయింది. కింద వ్యాను ఖాళీగానే కదిలిన చప్పుడు వినిపించింది.

"చల్లబడిందా కడుపు?" అన్నాడు బావ.

"నిజం చెప్పాను."

"నిజమట! పుట్టి బుద్ధెరిగాక ఒక్క రంగుతో సరిపెట్టుకోవడం చేతకాలేదు నీకు. ఇవాళ, దాని నోటికాడ కూడు తీసేసేటప్పుడు వచ్చిందా ఒక్క మాటతో సరిపెట్టడం?"

"నువ్వు మాటిచ్చేటప్పుడు నన్నడిగావా?"

"నువ్వెవడివిరా నిన్నడగడానికి?"

"ఆ బొమ్మ మీద మూడోవాణ్ని."

బావ కొడతాడనుకున్నాడు. కొట్టలేదు. కిటికీ పక్కకు వెళ్లి తన స్టూలు లాక్కుని, వీపు గోడకు ఆనించి కూర్చున్నాడు.

"పో ఇక్కణ్నుంచి," అన్నాడు.

"నువ్వు పో."

"నేను పోతే దాన్ని కోసి పారేస్తావు."

"నేను పోతే ఇంకో పట్టీ లాగుతావు."

"లాగుతాను."

"కోస్తాను."

సంతగాడు తలుపు మూసి, దానికి అడ్డంగా నేల మీద కూర్చున్నాడు. కింద టైర్లాయన ఎవరినో గట్టిగా కేకలేస్తున్నాడు. ఇద్దరి మధ్యన బొమ్మ నిలబడి ఉంది. మరక ఆరుతోంది. ఆరేకొద్దీ దాని రంగు మారుతోంది. అది ఏ రంగులోకి తేలుతుందో చూడాలని ఇద్దరికీ ఉంది. చూస్తున్నట్టు రెండోవాడికి తెలియకూడదని కూడా ఉంది. అందుకని బావ కిటికీలోంచి వీధి వైపు చూస్తూ కూర్చున్నాడు. సంతగాడు తన అరచేతులకేసి చూసుకుంటూ కూర్చున్నాడు. వెలుతురు తగ్గేదాకా ఎవరూ ముందు లేవలేదు.